కరెంటు ఉన్నంతసేపు

ఇకేజా సంతలో మా కొట్టు వెడల్పు
మా గురువు ఒబియాజులు చాచిన రెండు చేతులంత.
ఎడమ చేతి కొసన ఒకటి, కుడి చేతి కొసన ఒకటి,
రెండు లాప్‌టాప్‌లు.
ఒకే కంపెనీ, ఒకే ఏడు, ఒకే బూడిదరంగు చర్మం.
మూతల మీద గీతలు కూడా ఇంచుమించు ఒకేలా.
లోపలి ప్రాసెసర్లు మాత్రం
ఒకరి పొడ ఒకరికి గిట్టని రెండిళ్ల బిడ్డలు.
ఒకదానికి నీలం స్టిక్కరు, ఒకదానికి నారింజ.

నేను నారింజవైపు.
ఎందుకంటే కోర్లు, కాష్, నానోమీటర్లు అని
గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతాను.
అసలు సంగతి,
నేను మొదట విప్పి బతికించిన మెషీను నారింజది.

ఎడెసిరి మిట్టమధ్యాహ్నం వచ్చింది.
పెళ్లిళ్లు తీయదట, చావులే తీస్తుందట.
"పెళ్లివాళ్లు డబ్బు ఎగ్గొడతారు.
చచ్చినవాళ్ల పిల్లలు ఎగ్గొట్టరు, సిగ్గు."

నేను స్కోర్ల పట్టిక తీశాను. ఆమె చూడలేదు.
తలగుడ్డ ముడిలోంచి మెమరీ కార్డు తీసి
వక్కముక్క పెట్టినట్టు బల్లమీద పెట్టింది.
"మీ అంకెలు మీ దగ్గరుంచుకోండి.
నా పని పెట్టండి వీటి నెత్తిన."

ఆ కార్డులో ఒక బడిపంతులు అంత్యక్రియ.
నాలుగు గంటల డప్పులు, తెల్ల లేసు కట్టిన మనవరాళ్లు,
పెట్టెను భుజానికెత్తుకుని చిందేసే ఆరుగురు.
నలభై నిమిషాలకు కుదించింది ఆమె.
దాన్నిప్పుడు వండి దించాలి ఈ రెండూ.
గురువు రెండు చూపుడువేళ్లతో ఒకేసారి నొక్కాడు.

నీలం లంకించుకుంది.
ఫ్యాను ఈల, ఈల మీద ఈల,
పక్క కొట్లో ఛార్జర్లు అమ్మే కుర్రాడు తొంగిచూశాడు.
ఎడెసిరి చెయ్యి తిరగేసి వేళ్ల వెనకవైపుతో
దాని అడుగు తాకింది, జ్వరం చూసినట్టు.
తర్వాత నారింజను తాకింది.
ఏమీ అనలేదు.

నీలం డెబ్బయ్యొకటి. నారింజ యాభైరెండు.
అప్పుడు పోయింది కరెంటు.

సంత మొత్తం ఒక్క గొంతుతో ఉసూరుమంది.
జనరేటర్లు ఒకటొకటే దగ్గుతూ లేచాయి.
మాది లేవలేదు. పెట్రోలు నిన్ననే అయిపోయింది,
గురువుకు చెప్పడం మరిచిపోయాను.
చీకటి కొట్లో రెండు తెరలు, మూడు మొహాలు.

బ్యాటరీ మీద నీలానికి కాళ్లు తడబడ్డాయి.
డెబ్బయిరెండు. డెబ్బయిరెండు. ఇంకా డెబ్బయిరెండే.
నారింజకు కరెంటు పోయిన కబురే అందలేదు.
అరవై. డెబ్బయి.
డెబ్బయితొమ్మిది దగ్గర దాటిపోయింది, చప్పుడు లేకుండా.

ఆగలేకపోయాను.
"చూశావా అక్కా, పరుగెత్తి పాలు తాగేకంటే
నిలబడి నీళ్లు తాగడం మేలు."

ఆమె నవ్వింది.
"నిలబడాలంటే కుళాయిలో నీళ్లుండాలి, తమ్ముడూ.
మా వీధికి కరెంటు రాత్రి ఎప్పుడో వస్తుంది, రెండు గంటలు.
వచ్చిందంటే వీధి వీధంతా మంచం దిగుతుంది.
మోటారు, ఇస్త్రీపెట్టె, ఫోన్లు, మా అత్త మిక్సీ.
ఆ రెండు గంటల్లో ఎవరెక్కువ పాలు తాగితే వాళ్లే నావాళ్లు.
మిగతా పగలంతా నేను కెమెరా మోస్తుంటాను,
అది మూత మూసుకుని పడుకుంటుంది.
అరుస్తుందా, అరవనీ. చావింట్లో అరవనిదెవరు?"

నీలాన్ని సంచిలో వేసుకుంది,
సగం ఉడికిన పంతులుతో సహా.
వేలు తడి చేసుకుని నైరాలు లెక్కపెట్టింది, రెండుసార్లు.

గురువు నన్ను తిట్టలేదు.
"శిష్యరికం ఇంకెన్నేళ్లు?" అన్నాడు, తెలిసీ.
"మూడు."
"చాలవు."
పెట్రోలు డబ్బా చేతికిచ్చాడు.

బంకు దగ్గర వరస. తిరిగొచ్చేసరికి గురువు లేడు.
నారింజ ఇంకా పనిలోనే ఉంది,
ఎవరూ అడగని పనిలో.
తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది.
ఆ వెలుతుర్లోనే జనరేటరు మూత వెతికి పెట్రోలు పోశాను.
తాడు లాగబోతుంటే
వండిన వీడియో తనంతట తానే మొదలైంది.
తెల్ల లేసు, డప్పు, ఆరుగురి చెప్పుల దుమ్ము.
పెట్టె ఒక పక్కకు ఒరిగి మళ్లీ నిలబడింది.

చెయ్యి తిరగేసి అడుగున పెట్టాను.
గోరువెచ్చన.

నలభై నిమిషాలూ చూశాను.
చెరిపేశాను.
అప్పుడు లాగాను తాడు.