తోడు

సైమి పోయిన తొమ్మిదో రోజున
ఆమె చెల్లెలు తూలిక్కి పట్నం నుంచి వచ్చి
ఇల్లంతా కడిగిపెట్టింది.
కిటికీలు, గచ్చు, ఆవిరిగదిలో బల్లలు,
ఆ ఊపులోనే పిండి తొట్టి కూడా.
సోడా చల్లి, మరిగే నీళ్ళు పోసి,
చెక్క చెక్కా బ్రష్షుతో గీకి
పొయ్యి పక్కన బోర్లించింది.
"నలభై ఏళ్ళ మురికి, అర్వో!" అంది.
మెచ్చుకోలుగా తల ఊపాను.

ఆ తొట్టిని ఎవరూ కడగరట.
చెక్కల సందుల్లో ఎండిన పెచ్చుల్లోనే
పులుపు ముడుచుకుని పడుకుంటుందట.
గోరువెచ్చని నీళ్ళు, గుప్పెడు రై పిండి పడితే
ఒళ్ళు విరుచుకుని లేస్తుందట.
ఇవన్నీ నాకు నవంబరులో తెలిశాయి,
సరస్సు గడ్డకట్టాక,
రొట్టె నేనే చేద్దామని పిండి కలిపాక.
రెండు రోజులు చూశాను.
తొట్టిలో ఉలుకూ లేదు, పలుకూ లేదు,
తడిసిన మట్టిలా ఉంది.

నాకొచ్చిన పనులు వేరు.
మంచు కింద వల దూర్చడం:
రెండు కన్నాలు, నడుమ పొడవాటి కర్ర, దాని తోకకి తాడు.
బిర్చి కట్టె ఎండిందో లేదో
రెంటిని కొట్టి చప్పుడుతో చెప్పడం.
వేలెడంత చేపల్ని తలతో సహా
పీపాలో ఉప్పు మీద ఉప్పుగా పరవడం.
నేలమాళిగకేం, నిండుగానే ఉంది.
ఇసుకలో టర్నిప్పులు,
ఒట్టి నీళ్ళ జాడీలో ఎర్రటి లింగన్ పండ్లు,
చక్కెర అక్కర్లేదు, వాటి పులుపే వాటికి కాపలా.
ఆకలితో వచ్చిన చిక్కు కాదిది.

సరస్సు దాటి హెల్వి ఇంటికి వెళ్ళి అడిగాను.
"మా పులుపు ఎప్పుడో చచ్చింది,
ఇప్పుడంతా ప్యాకెట్టు పొడే," అని
ఒకటి నా చేతిలో పెట్టింది.
పొంగింది, నిజం చెప్పాలి.
దిండులా పొంగింది.
నా పళ్ళకి ఎక్కడా ఎదురు చెప్పలేదు ఆ రొట్టె.
సగం గుర్రానికి వేశాను.

గుమ్మం దాకా వచ్చి హెల్వి అన్నమాట
మరో వారానికి గాని చెవికెక్కలేదు:
"ఆమె చేసిన రొట్టె మిగిలుంటే నానబెట్టి చూడు.
మా అమ్మ అలాగే చేసేది. ఎంత నిజమో మరి."

వంటింటి కప్పు కింద, కర్రకి గుచ్చి
ఒకే ఒక్కటి మిగిలింది.
నడిమి కంత చుట్టూ ఫోర్కు గాట్లు,
మూడు వరసలు సరిగ్గా ఉండి
నాలుగోది సగంలో ఆగింది.
గుర్తుంది ఆ రోజు.
ఫోర్కు బల్ల మీద పెట్టి,
"కాస్త కూర్చుంటా," అంది.
ఎప్పుడూ కూర్చునేది కాదు.

డిసెంబరంతా దాన్ని తల ఎత్తి చూస్తూ తిరిగాను.
రెండుసార్లు కిందికి దించి
మళ్ళీ గుచ్చాను.

మైనస్ ముప్పైనాలుగు పడ్డ రాత్రి
గొడ్డలి మడమతో కొట్టాను.
చేత్తో విరిగేది కాదు.
నాలుగో వరస ఉన్న ముక్క
చేతిలో కాసేపు ఆడించి
దాన్నీ వేసేశాను.

ఒక రోజు. రెండు.
మూడో రాత్రి కట్టెలు ఎగదోయడానికి లేచాను.
చలికి గోడ దూలాలు తుపాకుల్లా పేలుతున్నాయి.
ఒక పేలుడికీ మరో పేలుడికీ మధ్య
తొట్టిలోంచి
టప్.

గుడ్డ ఎత్తి ముక్కు పెట్టాను.
పుల్లగా కొట్టింది, కళ్ళు చెమర్చేలా.
ఆ పులుపు ఆమె రొట్టెదో,
కొత్త పిండిదో, ఈ ఇంటి గాలిదో,
కడగని నా చేతులదో,
తేల్చే చదువు నాకు లేదు.

రొట్టె బరువుగా వచ్చింది, కంత ఓ పక్కకి పోయింది.
నమలడానికి పావుగంట పట్టింది.

ఈస్టరుకి వస్తానని తూలిక్కి ఫోను చేసింది.
మంచి మనసు, రమ్మన్నాను.
ఫోను పెట్టేసి
తొట్టిని ఎత్తుకెళ్ళి
కొట్టంలో వలల వెనక దాచాను.