సున్నాకు ఒక రూపాయి

రెండువందల పన్నెండో ఇల్లు.
తుగ్గలి దగ్గర పల్లె. పేరు సుంకులమ్మ.
ఏడాదిలో ఆసుపత్రి ఖర్చు: సున్నా.
మందులు సున్నా, పరీక్షలు సున్నా,
దారి ఖర్చు, తోడొచ్చిన మనిషి కూలి నష్టం,
అన్నిటికీ అడుగున ఇతరములు.
అక్కడా అదే గుండ్రం,
నా చేతిరాతే, కొంచెం వంకరగా.

కర్నూలు పెద్దాసుపత్రి ఎదుట
ఉగ్గాని బండి దగ్గర దస్తగిరి అన్నాడు:
"మంచి ఇల్లు దొరికింది నీకు.
అప్పు లేదు, అమ్మిన గొర్రె లేదు.
నా దాంట్లో ఇట్లాంటివి నలభై ఉండాయి.
పథకం పనిచేస్తోందని చెప్పేదానికి
ఆ నలభై ఇళ్లే నాకు దిక్కు."

వాడికిది ఐదో ఏడు. నాకు మూడు దాటింది.
ఫెలోషిప్ డబ్బు ఉగాది నుంచీ రాలేదు.
ఒక బజ్జీ తీసుకుని తుంచుకున్నాం.
ఆ సగం ఏ గడిలో రాయాలో
ఇద్దరికీ తెలుసు గనక నవ్వొచ్చింది.

రాత్రి హాస్టల్లో సున్నా మొరాయించింది.
సున్నాకు లాగ్ లేదు.
ఆ వరుస దగ్గరకొచ్చి కంప్యూటర్
ఎర్రక్షరాలు కక్కి ఆగిపోయింది.
గైడ్ మేడం తాలింపు చిటపటల మధ్యనుంచి
ఫోన్లో చెప్పారు:
"అందరూ చేసేదేనమ్మా.
ఇంటికో రూపాయి కలిపెయ్, అప్పుడు తియ్.
ఏం కాదు."

కలిపాను.
నాలుగువందల ఎనభై ఇళ్లకు
ఒక్క మీటతో పంచాను.
గుండెకు లక్షా ముప్పైవేలు పోసిన
ఈరన్న ఇంట్లో అది ఎక్కడ పడిందో కనబడలేదు.
సుంకులమ్మకు మాత్రం
ఆ ఏడాది వైద్యమంతా ఆ రూపాయే.
దానికి లాగ్ తీస్తే
మళ్లీ సున్నా.
ఇచ్చిన చేత్తోనే లెక్క లాక్కుంది.

నిద్ర పట్టలేదని కాదు, పట్టింది.
పొద్దున లేచి ఎందుకో బస్సెక్కాను.

తొలివాన పడిన ఎర్రచేను.
జనం వంగి వజ్రాలు వెదుకుతున్నారు.
ఆమె కూడా వంగే ఉంది,
ఎడమచెయ్యి ఒంటికి అదుముకుని.
"ఏడాదంతా ఏ రోగమూ రాలేదా అక్కా?"

"రాకేమి బిడ్డా. రొమ్ములో గడ్డ. రెండేండ్లాయ.
పత్తికొండకు పోతే కర్నూలుకు పొమ్మనిరి.
ఆడ అంతా ఊరికేనంట.
ఊరికే చూపించుకునేదానికి నా కూలి మూడు దినాలు,
తోడొచ్చేదానిది ఇంగో మూడు.
యాడికీ పోలేదు.
పోతే గదా ఖర్చయ్యేది?
ఎంతాయ, ఎంతాయ అని అడిగితివి ఆ పొద్దు.
పోతివా లేదా అని
ఒగమాటు గూడా అడగకపోతివి."

డెబ్భై ఆరు ప్రశ్నలు.
ఇంగ్లీషు నుంచి తెలుగులోకి,
సరిపోయిందో లేదోనని మళ్లీ ఇంగ్లీషులోకి
తిప్పి తిప్పి చూసిన ప్రశ్నలు.
ఎథిక్స్ కమిటీ సంతకం.
అడుగున ఆమె వేలిముద్ర, నీలంగా,
అంగీకరిస్తున్నాను అనే మాట కింద.

"వజ్రం దొరికితే పోతాలే," అంది,
ఒక రాయి ఎండకు పట్టి చూసి పారేస్తూ.
నేను చాలాసేపు ఏదో చెప్పాను.
సోమవారం ఓపీకి వస్తానంది.

రెండు సోమవారాలు
ఉగ్గాని బండి దగ్గరే నిలబడ్డాను.
ప్రతి బస్సుకూ ఎడమచెయ్యి అదుముకున్న మనిషి
ఎవరో ఒకరు దిగారు. ఆమె దిగలేదు.

దస్తగిరికి చెప్పాను.
ముందు కోపమొచ్చింది వాడికి.
"థీసిస్ ఇచ్చేది మార్చిలో.
ఇప్పుడు చెప్తావా ఇది?"
తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి
నలభై పేర్లనూ పైనుంచి కిందికి
పెదాలు కదుపుతూ చదివాడు,
హాజరు పిలుస్తున్నట్టు.

టీ మీద మీగడ కట్టింది.
"ఆ పక్కకు మొదటి బస్సు ఎన్నింటికి?"

"ఐదుంపావుకి.
చిల్లర తెచ్చుకో, కండక్టర్ దగ్గర ఉండదు."