వేరు బీరు కథే వేరు

పెన్సిల్వేనియాలో ఎనోస్ బైలర్ నేలమాళిగలో
రాత్రి పదకొండున్నరకి మూడు సీసాలు పేలాయి.
పైన మంచం మీద లవీనా కళ్లు తెరవకుండానే
"మూతలు మళ్లీ బిగించేశావా?" అంది.
"నేను కాదు, ఈస్టు" అన్నాడు ఎనోస్.
ఈ సాకు చాలా పాతది.
ఎంత పాతదంటే,

అప్పటికి పెన్సిల్వేనియాకి ఆ పేరు లేదు.
మంచు ఇంకా ఉత్తరాన చతికిలబడి
లేవనా వద్దా అని నసుగుతోంది.
ఏనుగుకి పెద్దక్క వరసయ్యే మాస్టోడాన్లు
స్ప్రూస్ కొమ్మలు నములుతూ తిరుగుతున్నాయి.
కొండవాలులో ఒక గుహ. గుహలో పదిహేడుమంది.
పదిహేడుమందికీ కలిపి ఒక్కటే పంటినొప్పి.
నొప్పి ఊమ్రాది, నిద్ర లేనిది అందరికీ.

ఊమ్రా మొగుడు త్రుగ్గు
వేటలో చివర, వాటాలో ముందు.
"ఏదైనా వేరు తెచ్చి చావు" అని ఎముకతో పొడిస్తే
అడవికి పోయి, ఏ వేరో తెలీక,
అన్నీ పీక్కొచ్చాడు.
ససాఫ్రాస్ వేరు, బిర్చి బెరడు,
వాసనలో మన సుగంధిపాలకి
సముద్రాల అవతలి పినతల్లి కూతురయ్యే ఒక మొక్క,
ఒక చెప్పు తాడు కూడా.
(దాన్ని తర్వాత తీసేశారు. రుచి చూశాకే.)

మేపుల్ చెట్టు కార్చిన తీపి నీళ్లు తెచ్చి
ఎర్రగా కాలిన రాళ్లు చుయ్యిమని జారవిడిచి
కషాయం కాచింది ఊమ్రా.
పుక్కిలించింది. ఊసింది.
రెండోసారి పుక్కిలించింది.
ఊయలేదు.

మిగిలింది అడవిదున్న మూత్రాశయంలో పోసి
మూతి కట్టమంది.
త్రుగ్గు కట్టాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి
ఒక పని గట్టిగా చేశాడు.
అదే కొంప ముంచింది.
కొంపలింకా పుట్టలేదు కనక, గుహ ముంచింది.

నాలుగు రోజులకి సంచి ఉబ్బింది.
ఐదో రోజుకి నిండు చూలాలిలా ఉంది.
పెద్దాయన హోర్వ చెవి ఆనించి విన్నాడు.
లోపల చాలామంది గుసగుసలాడుకుంటున్నారు.
"ఉరుముల దేవత! ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాడు
ముట్టుకుంటూ.

ఢాం!

గోడమీద గీసిన దుప్పులన్నీ గోధుమరంగుకి తిరిగాయి.
గబ్బిలాలు ఇప్పటికీ ఆ ముచ్చట
తలకిందులుగానే చెప్పుకుంటాయి.
గుహ ముందు మేస్తున్న మాస్టోడాన్ ఒకటి
ఎప్పటికో ఒహాయో అనిపించుకోబోయే చోటుదాకా
వెనక్కి చూడకుండా పరిగెత్తింది.
హోర్వ వెల్లకిలా పడ్డాడు. గడ్డం నిండా నురుగు.
పోయాడనే అనుకుని
ఆయన తొడుక్కున్న ఎలుగుతోలు ఎవరికన్న తగువు
అప్పుడే మొదలైంది.
అంతలో నాలుక ఒకటి బయటికొచ్చింది.
మీసం నాకింది. ఆగింది. మళ్లీ నాకింది.
కడుపు అడుగునుంచి, పితృదేవతలందరి తరఫునా,
"బ్రేవ్!" అన్నాడు హోర్వ.
అంతవరకూ వాళ్ల భాషలో లేని మాట.
అర్థం మాత్రం ఎవరూ అడగలేదు.

ఊమ్రా పన్నా?
ఆ పేలుడికే ఊడి పొయ్యిలో పడింది.
కషాయం మహిమ అన్నారందరూ.
"ఇంత బిగించి కట్టిందెవరు?" అని ఆమె
ఎముక కోసం వెతుకుతుంటే
"నేను కాదు, లోపలున్న దేవత" అన్నాడు త్రుగ్గు.

ఇప్పుడు ఎనోస్ లాంతరు పట్టుకుని
గాజుపెంకుల మధ్య మునివేళ్ల మీద నడుస్తున్నాడు.
మొన్న సంతలో ఎవరో బస్తీ మనిషి అడిగాడు:
"మీరు బీరు ముట్టరటగా, మరి ఇదేంటి?"
"ఇది వేరు" అన్నాడు ఎనోస్.
తెలుగు రాదు పాపం,
శ్లేష వేసినట్టు తనకే తెలీదు.

బతికి బయటపడ్డ సీసా ఒకటి దొరికింది.
మూత తీశాడు, చప్పుడు కాకుండా.
తాగాడు, చప్పుడు కాకుండా.
ఆ తర్వాతది మాత్రం
మనిషి చేతిలో ఉండేది కాదు.

మెట్ల పైనుంచి లవీనా గొంతు:
"నాకూ ఒక గ్లాసు."