హోగ్ని సెట్టింగులు

క్లాక్స్‌విక్ రేవులో చేపల గిడ్డంగి పైన మా ఆఫీసు.
రెండు బల్లలు, ఒక హీటరు,
తొమ్మిదేళ్ల పాత కంప్యూటరు.
పెద్ద ఎడిటర్లు దాని మీద తెరిస్తే
టీ నీళ్లు మరిగి, చల్లారి కూడా పోయేవి.
అందుకే హోగ్ని పిట్టంత ఎడిటర్ ఒకటి పట్టుకొచ్చాడు.
వేలు తగిలితే చాలు తెరుచుకుంటుంది,
గడియ పెట్టని పడవ తలుపులా.

వచ్చిన రోజే దాన్ని ఒలవడం మొదలుపెట్టాడు.
పక్కనుండే చిన్న పటం తీసేశాడు. ట్యాబులు తీసేశాడు.
సగం మాట కొట్టగానే మిగతా సగం అందించే
ఆ అత్యుత్సాహాన్నీ తీసేశాడు.
"నా మాట నన్ను పూర్తి చేయనీ" అన్నాడు,
నాతో కాదు, దానితో.
లైను నంబర్లు ఉంచాడు.
లైను చివర మర్చిపోయిన ఖాళీలకు
ఉప్పుగల్లంత చుక్కలు పెట్టించాడు.

ఆ తర్వాత రంగులు.
రంగులకు పదకొండు రోజులు పట్టింది.

మేం రాసేది పడవల వేళలు:
ఏ పోటుకి ఏ ఫెర్రీ, ఏ గాలికి ఏది రద్దు.
అతను సెలవు పెట్టిన ఒక బుధవారం
అతని కుర్చీలో నేను కూర్చోవలసి వచ్చింది.
తెర చూసి గతుక్కుమన్నాను.

అంతా బురద.
ఫంక్షన్లు ఎండుగడ్డి, స్ట్రింగులు తడిగడ్డి,
కామెంట్లు వాన వెలిసిన గొర్రె వీపు.
తప్పు పడితే ఎరుపు రావాలి కదా.
రాలేదు. కింద అలలా ఒక నీలం గీత.

ఫోన్ చేశాను.
"ఇది రంగుల ఫైలా, కాలవ పూడికా?"
అవతల గాలి హోరు. గొర్రెల వెంట కొండ మీదున్నాడు.
"నలభై మూడో లైను చూడు, మార్యున్.
అక్కడ రెండు రంగులున్నాయి."
చూశాను. ఒకటే ఉంది.
"రెండు" అన్నాడు. "కళ్లు చికిలించకు. రెండు."

సెట్టింగుల ఫైలు తెరిచి
ఒక్కో రంగుకున్న ఆరేసి గుర్తులూ పోల్చి చూశాను.
నిజమే, రెండు.
ప్రోగ్రాం ఎరిగిన పేరుకి ఒక ఛాయ,
ఎరగని పేరుకి ఇంకోటి.
ఆ రెండో ఛాయలో
కిందటి వారం నేనే కొట్టిన ఒక పేరు,
అక్షరం జారి.
అలాగే వదిలేసి ఉంటే శుక్రవారం ఫెర్రీ
లేని పోటు మీద బయల్దేరేది.

కింద గిడ్డంగిలో చేపలు తూచే సన్నీవ చెప్పింది తర్వాత:
పదిహేడేళ్లప్పుడు నావికుల బళ్లో
చీకటి గదిలో కూర్చోబెట్టి
దూరంగా ఆవగింజంత దీపాలు వెలిగించారట.
ఎరుపా, పచ్చా?
రెండుసార్లూ "దీపం" అన్నాడట.
పడవకి ఎడమన ఎరుపు, కుడిన పచ్చ,
ఆ రెండూ రానివాడికి చుక్కాని ఇవ్వరు.
అన్నలిద్దరూ నీళ్ల మీదకి వెళ్లారు,
ఇతను మెట్లెక్కి మా గదికి వచ్చాడు.
ఎరుపూ పచ్చా ఒకటైపోయే కంటికి
గడ్డిలో గడ్డి విడిపోయి కనబడుతుందని
ఆ బడికి తెలియదు. నాకూ తెలియదు, బుధవారం దాకా.

గురువారం ఉన్ని వాసనతో వచ్చాడు.
మధ్యాహ్నానికి నా పేరుతో ఇంకో ఫైలు చేసిపెట్టాడు.
నిప్పంటి ఎరుపు, చిలకపచ్చ, పండగ కాగితంలా.
"సన్నీవ చెబుతుంటే అంకెలు కొట్టాను" అన్నాడు.
"ఏది ఏదో నాకు తెలీదు. గాఢంగా ఉంటే తగ్గించుకో."
గాఢంగానే ఉంది. తగ్గించలేదు.

కర్సర్ మాత్రం అతనిదే ఉంచుకున్నాను.
రెండుసార్లు మెరుస్తుంది. చాలాసేపు ఆగుతుంది.
మళ్లీ రెండుసార్లు.
పాడైందేమో అనుకున్నాను మొదట.
"ఉత్తరపు కొన దీపం" అన్నాడు.
"తెల్లది. లెక్కపెడితే చాలు."

నాలుగింటికే చీకటి. ఆఖరి ఫెర్రీ మలుపు తిరుగుతోంది.
కిటికీ దగ్గర చల్లారిన కప్పుతో హోగ్ని.
ఏదో అడగబోయి ఆగాను.
పెదవులు కదులుతున్నాయి.
ఒకటి, రెండు.