నాలుగువందల పదిహేడు

మే నెలాఖరు. నాలుగింటికే వెలుతురు.
స్కోనె అడవిలో బీచ్ ఆకులకి ఇంకా తడి ఆరలేదు.
బోనులు అరవై, మోకాళ్ళు రెండు.
ఎన్నో బోను దగ్గరున్నానో మోకాళ్ళే చెబుతాయి.

ఇరవై రెండో బోనులో బరువు.
మూత ఎత్తకముందే తెలిసింది,
రేకు వెనక కుట్టుమిషనులా
ఒక చిన్న గుండె పరుగెడుతోంది.
సంచిలోకి దులిపి మెడ మీది తోలు పట్టుకున్నాను.
తుప్పు రంగు వీపు, మిరియపు గింజ కళ్ళు,
ఓట్స్ పిండి అంటిన మీసాలు.
చెవి అంచున పిడుదు పిల్లలు,
గసగసాలంతవి, పదకొండు.
తలలు లోపల, ఒళ్ళు బయట.
పంక్తిలో కూర్చున్నాక ఎవరికి సిగ్గు?

చెవి కొసన ఆవగింజంత తునక తీసి
స్పిరిటు సీసాలో వేశాను.
పద్దెనిమిది గ్రాములు. ఆడది. పాతదే. 417.
"మళ్ళీ నువ్వేనా?" అన్నాను,
మా అమ్మ పిల్లిని అడిగే యాసలో.

తునకలన్నీ లుండ్‌కి వెళ్తాయి.
అక్కడి ప్రయోగశాల నుంచి యోర్దిస్ ఫోను చేసింది.
ఒంట్లో జొరబడే బొర్రేలియాని పసిగట్టడానికి
కావలి జన్యువొకటి ఉందట.
కావలివాడొకడే, ముక్కులు మూడు రకాలు.
ఒకటో రకం, మూడో రకం
జలుబు చేసినట్టు దొంగని నడవాలోకి రానిస్తాయి.
రెండోది మటుకు గుమ్మంలోనే పట్టేస్తుంది.
తేడా ఏవో రెండు మూడు అక్షరాలు, అంతే.
"మీ 417ది రెండో రకం.
ఐదు తునకలు పంపారు. ఐదూ శుభ్రం."

అప్పుడు నాకు సిక్స్టెన్ గుర్తొచ్చాడు,
మా పక్కింటి కట్టెలాయన.
నిరుడు ఆగస్టులో ఎడమవైపు మొహం జారిపోయింది,
ఒక మేకు ఊడిన పటంలా.
కాఫీ సగం నోటికి, సగం చొక్కాకి.
పిడుదు ఎప్పుడు కరిచిందో ఆయనకే తెలీదు.
మందులు మింగాక నవ్వు తిరిగొచ్చింది గాని,
కుడిపక్క బయల్దేరిన కాసేపటికి
ఎడమపక్క వస్తుంది.
ఆయన ముక్కు ఎన్నో రకమో ఎవరూ చూడలేదు.

417 మీద గర్వం లాంటిదేదో పుట్టింది,
ఆ అక్షరాలు నేనే దిద్దించినట్టు.

జూన్‌లో రాలేదు. జూలైలో రాలేదు.
ఆగస్టులో, గుడ్లగూబ పెట్టె కింద
బూడిదరంగు ఉండ దొరికితే విప్పాను.
బొచ్చు. సగం దవడ. ఇత్తడి చెవిపోగు.
నాలుగు. ఒకటి. ఏడు.
"గుడ్లగూబని పసిగట్టే ముక్కు లేదా వీటికి?"
యోర్దిస్‌ని కోపంగానే అడిగాను.
అవతల టైపు చేస్తున్న చప్పుడు ఆగిపోయింది.

ఆ పొద్దుటే ఇరవై రెండో బోనులో 388.
ఒకటో రకం. ఒళ్ళంతా అద్దె కొంప,
నిరుటి నుంచీ బొర్రేలియా కాపురం.
జ్వరం లేదు, కుంటు లేదు.
ఇరవై ఆరు గ్రాములు. కడుపులో నాలుగో ఐదో
నా వేలి కింద మెసిలాయి.
బొటనవేలు కరిచి నెత్తురు కళ్ళజూసి
నాచులోకి దూరిపోయింది.

గెలిచిందెవరని రాయను?
యోర్దిస్ పట్టికలో ఆ గడి లేదు.
"ఇంకా చాలా అడవులు చూడాలి" అంది.
"ఒకచోట కలిసొచ్చింది ఇంకోచోట కలిసిరాదు.
అందుకే మూడూ మిగిలాయేమో."
ఆ 'ఏమో' దగ్గర ఆమె గొంతు నాకు నచ్చింది.

రాత్రి అద్దం నేలమీద ఆనించి
మోకాలి వెనక వెతికాను.
అరవై నాలుగేళ్ళ తోలు, అన్నీ మడతలు.
ఉంది. గసగసమంత.
పట్టకారుతో తలతో సహా లాగి
సీసాలో వేసి, తేదీ వేశాను.
ఎవరి ఒంటి మీద? నా పేరు రాశాను.
బరువు రాశాను, రెండు కిలోలు తగ్గించి.
రకం అన్నచోట
పెన్ను కాసేపు ఆనించి, తీసేశాను.