రెండో సోమవారం

ఆరోగ్యవంతులు కావలెను అని
కాలేజీ క్యాంటీన్ తలుపు మీద నోటీసు అంటించాం, కోఠీలో.
బీపీ ఉండకూడదు, షుగరుండకూడదు,
సిగరెట్టు అలవాటుండకూడదు,
ముందు రాత్రి కంటినిండా నిద్రపోయి ఉండాలి.
ఇవేం లేని మనిషి ఈ ఊర్ల దొరుకుతడా అమ్మా అని
అటెండర్ మొగులయ్య నవ్వాడు.
ఇరవై ఏడుగురు దొరికారు.

నా పని చిన్నది.
స్పిరిట్ దూదితో చర్మం తుడిచి
మూడు ఎలక్ట్రోడ్లు అతికించి
పది నిమిషాలు ఊరికే పడుకోబెట్టి
ఐదు నిమిషాలు రికార్డు చెయ్యడం.
దెబ్బకీ దెబ్బకీ నడుమ ఎడం ఎంతో
మిల్లీసెకన్లలో దించుకోవడం:
ఎనిమిది వందల ఇరవై
ఎనిమిది వందల డెబ్బై ఒకటి
ఏడు వందల తొంభై.
ఎడాలు ఎంత ఎగుడుదిగుడైతే
గుండె అంత కులాసాగా ఉన్నట్టు,
అని పుస్తకం.

గడియారానికి తిట్టు అయింది
గుండెకి మెప్పు.

వారం తర్వాత మళ్లీ అదే మంచం,
అదే తొమ్మిదిన్నర, అదే కిటికీ పరదా,
చాయ్ తాగొద్దన్న అదే మాట.
అంకె కూడా అదే రావాలి కదా.

పద్నాలుగో నంబరు తబస్సుమ్.
మదీనా దగ్గర అత్తరు దుకాణంలో లెక్కలు రాస్తుంది.
మొదటి సోమవారం యాభై ఎనిమిది.
రెండో సోమవారం ముప్పై ఒకటి.
ఏమైంది తబస్సుమ్, ఇంట్లో ఏమన్నా...
"కుచ్ నై మేడమ్. రోజులెక్కనే ఉంది."
తీగలు విప్పుతుంటే ఆమె మణికట్టు మీది గులాబీ వాసన
నా చేతి తొడుక్కి అంటింది.
ఒక దుఃఖమో, ఒక పెళ్లి సంబంధమో
ఆమె మీద అల్లబోయి ఆగిపోయాను.
ఏమీ కాలేదంటోంది కదా.
ఏమీ కాకుండానే సగమైంది.

ఆమె తప్పు కాదు. మెషిన్ తప్పు కాదు.
నా చెయ్యి కూడా వణకలేదు.
అయినా ఆ గడిలో
దోషం అనే రాయాలట.

డాక్టర్ హేమనళిని గారు కాగితం తిప్పి చూపించారు.
ఇరవై ఏడుగురి సగటు
మొదటి వారం నలభై నాలుగు,
రెండో వారమూ నలభై నాలుగు.
గుంపు కదల్లేదు,
గుంపులో కదలనివాళ్లు లేరు.
సాయంత్రం ఆరింటికి కోఠీ బస్టాపు కూడా అంతే.
రోజూ అంతే జనం,
నిన్నటి మొహం ఒక్కటీ ఉండదు.

గచ్చిబౌలి నుంచి వచ్చే కౌండిన్యకి
చేతి వాచీ పొద్దున్నే తీర్పు చెబుతుంది.
"ఇవాళ ఇరవై రెండంది మేడమ్, సెలవు పెట్టనా?"
ఒక్క పొద్దుటి మాట నమ్మకయ్యా,
నెల రోజులు అడుగు దాన్ని, అదే వేళకి,
మంచం దిగకముందు.
అతను తలూపాడు.
వాచీ వైపు చూసుకుంటూనే.

మన మాటకి ఇదంతా ముందే తెలుసేమో.
గుండె ఝల్లుమంటుంది, గుభేలుమంటుంది,
జారుతుంది, చెరువవుతుంది.
రాయి చేసుకో అంటారు చావు జరిగిన ఇంట్లో.
రెండు సోమవారాలూ ఒకే అంకె
రాయికే వస్తుంది.
గుండె మీద చెయ్యేసుకుని నిజం చెప్పు అంటారు.
ఆ చెయ్యి ఏ వారం వేశావు,
ఎడమవైపు తిరిగి పడుకున్నావా,
అప్పుడు ఊపిరి లోపలికా, బయటికా
అని ఎవరూ అడగరు.

అందరూ వెళ్లాక నేను పడుకున్నాను.
బటన్ మొగులయ్య నొక్కాడు.
గాలి తీసుకుంటే గీతలు దగ్గరికి జరుగుతాయి,
వదిలితే ఎడమవుతాయి,
వందసార్లు చూశాను, నాది ఎప్పుడూ చూళ్లేదు.
కింద సుల్తాన్ బజార్ లో ఎవరో
వందకి మూడు, వందకి మూడు అని అరుస్తున్నారు.
ఆ కేకకి నా గీత ఒకటి ఉలిక్కిపడిందో,
నేనే అలా అనుకున్నానో.

"ముప్పై తొమ్మిది వచ్చిందమ్మా," అన్నాడు.
"మంచిదేనా?"

వచ్చే సోమవారం అడుగు, మొగులయ్యా.
జెల్లు చల్లగా ఉంది, దూది ఇలా ఇవ్వు.