కాలు తీయబాకు

చెప్పులు బయట ఇడిచి ఎక్కాను, గుళ్ళోకి పోయినట్టు.
పదకొండేళ్ళుగా ఈ ఆమ్నీ బాడుగల మీదే తింటా వుండాం,
స్టీరింగు ముందు కూర్చోడం నాకిదే మొదలు.

వెనక ఎడం చక్రం ఊడదీసి
గోనెపట్టా పరుచుకోని పడుకోనుండాడు తిరపాలు.
"డబ్బాకి యాడ దూరమో ఆణ్ణించే మొదలెట్టాల."
ఎవరు నేర్పారో.
వింజమూరు షెడ్డులో రెండు వేలడిగారని
పని ఇంటికాడికి తెచ్చుకున్నాడు.

నిపిలుకి తొడిగిన గొట్టాన్ని నేనెరుగుదును.
చిన్నదానికి డెంగీ వచ్చినప్పుడు
నెల్లూరు పెద్దాసుపత్రిలో మూడు రాత్రులు
దాని చేతికి ఏలాడిన సెలైను గొట్టం.
పారేయబాకు, దేనికన్నా పనికొస్తాది అన్నాడప్పుడు.
ఆ చిన్నదే ఇప్పుడు ఆయిలు డబ్బా కాడ కాపలా.
గీత కిందికి పోతే అరవాల.

"కొట్టు."
కొట్టాను.
"ఇంకోసారి. ఇంకోసారి. ఆఁ, పట్టు.
నే చెప్పిందాకా కాలు తీయబాకు."
కింద స్పానరు కిర్రుమంది.

అప్పుడు దిగింది పెడలు.

మెట్టుందనుకోని చీకట్లో కాలేస్తే
మెట్టు లేనట్టు.
చేదతాడు తెగి
చేతులు ఒక్కసారిగా తేలికైనట్టు.
అడుక్కంటా, మ్యాటు దాకా
నా కాలి కింద ఏమీ లేదు.

"బిగించా. వదులు."

మొన్న శనివారం
ఘటికసిద్ధేశ్వరం నించి ఎనిమిది మందిని దించొచ్చి
అరుగు మీద కూర్చోని మూడు చెంబుల నీళ్ళు తాగాడు.
బంపరులో ఎర్రమన్ను, ఒక కంపముల్లు.
ఏందయ్యా ఇది అంటే
పంది అడ్డమొచ్చిందన్నాడు.
ఆ రాత్రి నిద్దట్లో కుడికాలు తన్నుకుంటా వుంటే
చలనుకోని దుప్పటి కప్పినాను.

"కామాచ్చీ, నిద్రపోయావా? కొట్టు."

కొడతా అడిగాను:
"కొండ దిగేటప్పుడు ఇట్టనే పోయిందా?"

స్పానరు ఆగింది.
పక్కింట్లో కుక్కరు రెండు కూతలేసింది.

"బుడగలొస్తా వుండాయి, పట్టు," అన్నాడు.
గొట్టంలో బెల్లం పాకం రంగు నీళ్ళు,
వాటి మధ్య ఆవగింజంత, శనగ్గింజంత గాలి.
"ఆయిలు పాతబడితే తేమ తాగుద్ది.
దిగుడులో కాగిపోయి లోపల ఆవిరి కడద్ది.
ఆయిలైతే నొక్కిందాన్ని నొక్కినట్టు తోస్తాది.
గాలి అట్టా కాదు, తలొంచుకుంటాది."
పెళ్ళయినాక ఇన్ని మాటలు ఒక్కసారిగా చెప్పడం
నేనెప్పుడూ వినలా.
పంది సంగతి మాత్రం చెప్పలా.

కుడి వెనకది అయింది. ఎడం ముందరిది అయింది.
నా పిక్క పట్టేసింది. చిన్నది రెండుసార్లు అరిచింది,
రెండుసార్లు కొత్త సీసా వంచింది.
ఒక చుక్క తలుపు మీద పడితే
కొంగుతో తుడవబోయాను.
"నీళ్ళు పొయ్యి, నీళ్ళు! రంగు తినేస్తాది!"

చివరిది కుడి ముందరి చక్రం.
ఆమ్నీలో డ్రైవరు కూర్చునేది ఆ చక్రం మీదే.
మాట ఇప్పుడు నా సీటు కిందినించి వస్తా వుంది.
ముందుకు చూస్తే అద్దం, ఒక రేకు,
ఆ రేకవతల మా గోడ.
ఇంతేనా అడ్డం?
పదకొండేళ్ళుగా ఇంతేనా?

"కొట్టు. పట్టు."
సగంలో ఆగింది పెడలు. రాయి మాదిరి.
మళ్ళా తొక్కాను. అక్కడే.

"బండ్లో పిలకాయలుండారా ఆ రోజు?"

"ఒకడు."
కాసేపాగి, "ముందు సీట్లో."
ఇంకాసేపాగి,
"మలుపు కాడ రోడ్డోళ్ళు మట్టి పోసిపెట్టుండారు.
దానికి పెట్టేసినా."

గోనెపట్టా మీద కదిలిన చప్పుడు.
చేతులు తుడుచుకుంటా వుండాడేమో.

"కాలు తియ్యి మే. గట్టిపడింది గదా."
"పడిందిలే."
తీయలా నేను.

డబ్బా కాణ్ణించి చిన్నది వంగి చూసింది.
"గీత కాడికే ఉందిమా. మూతేసేదా?"

ఉండు అన్నాం,
పైన నేను, కింద ఆయన.